పోలీస్ పటేల్ పోయిండు, గద్దె పోలే: ఇందూరు జిల్లా ఠాణా కథ

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడ్డదంటే మన జిల్లాల గ్రౌండ్లన్నీ నిండుతయి. బోధన్‌ల, ఆర్మూర్‌ల, నిజామాబాద్‌ల పొద్దుగాల ఐదు కాకముందే పిలగాండ్లు 1600 మీటర్లు ఉరుకుతుంటరు. రాత్రి సాలార్‌జంగ్ సంస్కరణలు బట్టీ పడుతుంటరు. గాని గా సంస్కరణలు మన ఊరి కచ్చేరు కాడికి ఎట్ల దిగినయో ఏ గైడ్ల ఉండదు. ఇంకో ముచ్చట. ఖాకీ బట్టలేసుకోవాల్నని కలలు గనే గదే పిలగాడు, ఇంట్ల ఏదన్న కష్టమొచ్చి ఠాణాకు పోవాల్నంటే ఒక్కడు పోడు. ఒక పెద్దమనిషిని ఎంట తీస్కపోతడు. ఎందుకు?

ఇరవై ఏండ్ల సంది ఠాణా దరఖాస్తులు రాసిచ్చుడు నాకు అలవాటైన పని. గీ ప్రశ్న నన్ను ఇడువలే. జవాబు కోసం దొరికిన పుస్తకాలన్నీ చదివిన, ముసలోళ్లను అడిగిన. తెలిసింది ఇది: మన కాడ పోలీసును పైనున్నోళ్లకు జవాబు చెప్పే తీరుగనే కట్టిండ్రు. ఊర్ల దాని చెయ్యి ఎప్పుడూ పెద్దమనిషి చెయ్యే. ఆ పెద్దమనిషి పేరు మారింది, పని మారలే.

ఠాణా కంటే ముందు

నిజాం రాజ్యంల 19వ శతాబ్దం సగం దాంక మనం ఇప్పుడు అనుకునే పోలీసు లేదు. పన్ను వసూళ్లు గుత్తకు పట్టిన తాలూక్‌దార్లే ఊర్లకు దిక్కు. వాళ్ల ఎంట కిరాయి సిపాయిలు. అరబ్బులు, రొహిల్లాలు సిపాయిల పని చేసుడే గాదు, అప్పులిచ్చి కత్తి చూపెట్టి వసూలు చేసేటోళ్లు. దొంగతనమైతే పట్టెటోడు, పన్ను గుంజెటోడు, తీర్పు చెప్పెటోడు అందరూ ఒక్క కాడనే ఉండిరి.

1853ల మొదటి సాలార్‌జంగ్ దివాన్ అయిండు. 1883ల చనిపోయేదాంక ఆయనే దివాన్. 1865ల జిల్లాబందీ తెచ్చిండు, అంటే రాజ్యాన్ని జిల్లాలుగ పంచిండు. ఆ సంస్కరణలల్లనే పోలీసును రెవెన్యూ నుంచి ఏరు చేసి జీతం మీద పనిచేసే దళం చేసిండ్రు. మన ఇందూరు 1876ల జిల్లా అయింది. రైలు వచ్చినంక, 1905ల, ఇందూరు పేరు నిజామాబాద్ అయింది.

అమీన్ సాబ్ వచ్చిండు

అప్పటి మెట్లు ఇట్ల ఉండె. జిల్లా పోలీసు పెద్ద మొహతమీం, ఇప్పటి ఎస్పీ లెక్క. ఆయన కింద అమీన్, ఇప్పటి ఎస్సై, సీఐ లెక్క. అమీన్ కింద జమేదార్, అంటే హెడ్ కానిస్టేబుల్. అందరి కింద జవాన్. జిల్లాలన్నిటి మీద నాజిం ఉండేటోడు. హైదరాబాద్ పట్నానికి మాత్రం ఏరే పోలీసు, దాని పెద్ద కొత్వాల్. కొత్వాల్ నేరుగ నిజాం కండ్ల ముందుండే మనిషి. 1920 నుంచి 1934 దాంక ఆ కుర్చీల కూసున్న రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి పాలమూరు దిక్కు ఊరోడు. రెడ్డి హాస్టల్ పెట్టించింది ఆయనే.

ఆ దొరతనం పోయినా మాటలు పోలే. ఠాణా, చౌకీ, పంచనామా, జప్తు, జామీను, హాజిరు, బందోబస్తు, రోజ్‌నామా, ముచ్చల్కా అన్నీ గా కాలం మాటలే. మా దిక్కు ముసలోళ్లు నిన్న మొన్నటి దాంక ఎస్సైని అమీన్ సాబ్ అనే పిలిచిండ్రు.

చట్టాలు కూడ పోలే. జిల్లాల పోలీసు చట్టం 1329 ఫసలీది. ఫసలీకి 590 కలిపితే మన సాల్ వస్తది, అంటే 1919-20. హైదరాబాద్ నగర పోలీసు చట్టం 1348 ఫసలీది, అంటే 1938-39. ఈ రెండూ ఇప్పటికీ మన రాష్ట్ర చట్టాల పుస్తకంల ఉన్నయి. నిజాం పోయి 75 ఏండ్లు దాటినా ఆయన నాటి ఫసలీ లెక్క మన పోలీసు చట్టం పేరు మీదనే ఉన్నది.

ఊర్ల అసలు పోలీసు: పటేల్

ఒక అమీన్ కింద ఎన్నో ఊర్లుండేటివి. రోడ్లు లేవు, గుర్రమే బండి. అందుకని ఊర్ల సర్కారు ముగ్గురి చేతుల నడిచింది. లెక్కలు రాసేటోడు పట్వారీ. శిస్తు వసూలు చేసేటోడు మాలీ పటేల్. దొంగ, లంగ, కొట్లాట, చావు, కొత్తమనిషి, తప్పిపోయిన గొడ్డు అన్నీ చూసేటోడు పోలీస్ పటేల్. ఇది వతన్, అంటే వంశం హక్కు. తండ్రి తర్వాత కొడుకు. పరీక్ష లేదు, శిక్షణ లేదు. శాన ఊర్లల్ల దొర ఇంట్లనే మూడు పదవులుండేటివి, పని మాత్రం గుమాస్తాలతోని నడిపిచ్చేటోళ్లు.

పటేల్ కింద సేత్‌సింది, సుంకరి, తలారి అసొంటి ఊరి నౌకర్లు. ఎక్కువ మంది దళితులు, బీసీలే. వార్త మోసుడు, రాత్రి కావలి, ముద్దాయిని ఠాణా దాంక తోలుకపోవుడు, శవం కాడ కాపలా అన్నీ వాళ్లే చేసిండ్రు. కష్టం వాళ్లది, హుకుం పటేల్‌ది.

అమీన్ సాబ్ దౌరకు వస్తే పండుగ గాదు, పీడ. ఆయనకు, ఎంట వచ్చిన జవాన్లకు బియ్యం, కోళ్లు, నెయ్యి, గుర్రానికి గడ్డి, కట్టెలు అన్నీ ఊరే పెట్టాలె. దాన్ని రసద్ అనేటోళ్లు. బండి కట్టాలె, బట్టలు ఉతకాలె, కుండలు తేవాలె. ఇదంత వెట్టి. వెట్టి తప్పని కాగితం మీద రాసినా, ఆ కాగితం అమలు చేయాల్సిన మనిషే వెట్టి తినేటోడు అయినప్పుడు ఎవనికి చెప్పుకోవాలె?

ఇక్కడ ఆగి ఒక్క సంగతి చూడండ్రి. ఒకని మీద దొర దెబ్బ పడ్డది. ఫిర్యాదు చేయాల్నంటే మొదలు పోలీస్ పటేల్ కాడికి పోవాలె. పటేల్ ఎవరు? దొరనే, లేకపోతే దొర మనిషి. పటేల్ రాస్తేనే అమీన్‌కు తెల్వాలె. పటేల్ రాయకపోతే దెబ్బ పడనట్టే. పెద్దమనిషి లేకుండ ఠాణాకు పోవద్దనే భయం మన రక్తంల పుట్టింది కాదు, ఇట్ల నేర్పిండ్రు.

రాజ్యంల దాదాపు మూడో వంతు జాగీర్ల కింద ఉండె. పెద్ద జాగీర్లకు సొంత పోలీసు, సొంత కచ్చేరి. అక్కడ నిజాం అమీన్‌కు కూడ ఎక్కువ చెల్లకపోయేది.

ఒక్క అచ్చుల పోసిన పోలీసు

ఇదంత మన ఒక్క కాడి కథ అనుకోవద్దు. ఇంగ్లీషోళ్లు పోలీసును రెండు తీర్ల చేసిండ్రు. వాళ్ల పట్నం లండన్‌ల 1829ల పెట్టిన పోలీసుకు తుపాకి లేదు, జనం నమ్మితేనే పని నడుస్తదని చెప్పిండ్రు. వాళ్లు గెలుచుకున్న ఐర్లాండ్‌ల మాత్రం తుపాకి పట్టుకుని బ్యారక్‌ల ఉండే దళం పెట్టిండ్రు. 1843ల సింధ్‌ను గెలిచిన నేపియర్ ఐర్లాండ్ అచ్చునే తెచ్చిండు. 1857 తిరుగుబాటు అయినంక, 1861ల వచ్చిన పోలీసు చట్టం గా దారినే పోయింది. నిజాం ఇంగ్లీషోని కింద నేరుగ లేకున్నా ఆ గాలి ఇక్కడికీ తగిలింది. హాంకిన్ అనే ఇంగ్లీషు అధికారి నిజాం జిల్లాల పోలీసుకు పెద్దగ ఏండ్లకేండ్లు పనిచేసిండు.

గా అచ్చు ఎంత దూరం పోయిందో తెల్వాల్నంటే మారిషస్ చూడాలె. హిందూ మహాసముద్రంల చిన్న ద్వీపం, అంతట చెరుకు తోటలు. 1834 సంది కూలీలను ఒప్పందం మీద అక్కడికి పంపిండ్రు. కోరంగి రేవు నుంచి మన తెలుగోళ్లు కూడ పోయిండ్రు, అందుకే అక్కడ తెలుగోళ్లను కొరింగాలని పిలిచిండ్రు. 1867ల అక్కడ ఒక చట్టం తెచ్చిండ్రు. ఒప్పందం తీరిపోయిన కూలీ కూడ ఫొటో అంటిచ్చిన పాస్ జేబుల పెట్టుకునే తిరగాలె. పాస్ లేకపోతే తిరుగుబోతని పోలీసు పట్టి జైల్ల ఏసేటోళ్లు. జైలు తప్పించుకోవాల్నంటే మళ్ల తోటల ఒప్పందం రాసియ్యాలె. అంటే పోలీసు పని దొంగను పట్టుడు గాదు, తోట యజమానికి కూలీని పట్టిచ్చుడు. 1871ల డి ప్లెవిట్జ్ అనే తెల్లాయన వేల మంది కూలీలతోని సంతకాలు పెట్టిచ్చి అర్జీ ఏసిండు. దాంతోని రాయల్ కమిషన్ వచ్చి పోలీసు జులుం నిజమే అని తేల్చింది. మారిషస్ 1968ల స్వతంత్రమైంది. ఇప్పటికీ ఆ దేశానికి ఏరే సైన్యం లేదు, సైన్యం పని కూడ పోలీసు దళమే చేస్తది.

చెరుకు బెల్టోళ్లం మనం గీ కథ చదివితే తేడా కంటే పోలికనే ఎక్కువ కనిపిస్తది. అక్కడ తోట యజమాని, ఇక్కడ గడీ దొర. మధ్యల పోలీసు ఎవని దిక్కు నిలబడ్డడన్నదే లెక్క.

గస్తీ నిషాన్ 53

నిజాంసాగర్ 1931ల తయారైంది, బోధన్‌ల నిజాం షుగర్స్ 1937ల పుట్టింది. నీళ్లు వచ్చినయి, చెరుకు వచ్చింది, కార్మికులు వచ్చిండ్రు, కోస్తా నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టిండ్రు. మనుషులు ఒక్క కాడ కలిస్తే మాటలు పుడతయి. మాటలకు సర్కారు భయపడ్డది. గస్తీ నిషాన్ 53 అని ఒక హుకుం ఉండె. మీటింగ్ పెట్టాల్నంటే ముందుగల ఇజాజత్ తీసుకోవాలె. గసొంటి రోజులల్లనే 1937ల ఆరో ఆంధ్ర మహాసభ మన నిజామాబాద్‌ల జరిగింది. మందుముల నరసింగరావు అధ్యక్షుడు.

తర్వాత రజాకార్ల కాలం. ఖాసిం రజ్వీ మనుషులు ఊర్ల మీద పడితే నిజాం పోలీసు ఆపలే, శాన కాడ ఎంట నిలబడ్డది. కవి దాశరథిని ఇందూరు ఖిల్లా జైల్ల పెట్టింది గప్పుడే. కాగితం ఇయ్యకపోతే బొగ్గుతోని గోడ మీద రాసిండు. వట్టికోట ఆళ్వారుస్వామి కూడ గదే జైల్ల ఉన్నడు. ఖిల్లా మీదికి ఎక్కినప్పుడు సెల్ఫీ దిగండ్రి, తప్పేం లేదు, గాని ఆ గోడలు ఎవరి కోసమో యాది పెట్టుకోండ్రి.

పోలీసు చర్య అనే పేరు

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం నిజాం రాజ్యంల అడుగుపెట్టింది, 17కు నిజాం లొంగిపోయిండు. ట్యాంకులు, విమానాలు వచ్చినా దాన్ని పోలీసు చర్య అనే పిలిచిండ్రు. దేశం లోపలి శాంతిభద్రతల ముచ్చట అని ప్రపంచానికి చెప్పాల్నని ఆ పేరు. మన ముసలోళ్లు వయసు చెప్పాల్నంటే పోలీస్ యాక్షన్ నాటికి నడుస్తుంటి అని ఇప్పటికీ అంటరు.

దొరతనం పోయినందుకు సంబురం నిజం. ఆ వెనుక జరిగిన దారుణం కూడ నిజం. సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసి, తక్కువల తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయిండ్రని రాసింది. ఎక్కువ మంది ముస్లింలు. ఎక్కువ దెబ్బ తిన్న నాలుగు జిల్లాలల్ల మన పక్క నాందేడ్ ఒకటి. గా రిపోర్టును ఏండ్లకేండ్లు జనానికి చూపియ్యలే. రజాకార్ల జులుం చెప్పి ఇది చెప్పకపోతే సగం చరిత్రే చెప్పినట్టు.

1949 ఆగస్టుల జాగీర్లు రద్దయినయి, జాగీర్ పోలీసు పోయింది. గాని పోలీస్ పటేల్ పోలే.

మా కొలువులు మాకేనా?

కొత్త సర్కారుల బయటి నుంచి అధికారులు వచ్చిండ్రు. ఖాకీల కూడ వచ్చిండ్రు. 1952ల ముల్కీ ఉద్యమం లేచింది. హైదరాబాద్ సిటీ కాలేజ్ కాడ పోలీసు కాల్పులల్ల విద్యార్థులు చనిపోయిండ్రు. 1956ల ఆంధ్రప్రదేశ్, 1969ల మళ్ల ఉద్యమం, మళ్ల కాల్పులు. 369 మంది అమరులని ఉద్యమం చెప్పే లెక్క.

1975ల రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, కొలువులల్ల స్థానికులకు వాటా అన్నది. దాంట్ల 14వ పేరాల ఎఫ్ అని ఒక చిన్న ముక్క. 1348 ఫసలీ నగర పోలీసు చట్టం కింద వచ్చే పోస్టులకు గీ వాటా వర్తించదని దాని అర్థం. అంటే నిజాం కాలం చట్టాన్ని చూపెట్టి, హైదరాబాద్ పోలీసు కొలువులు అందరికీ తెరిచిండ్రు. 2009 అక్టోబర్‌ల సుప్రీంకోర్టు గా ముక్క చెల్లుతదన్నది. నెల దాటి, నవంబర్ 29న కేసీఆర్ దీక్షకు కూసున్నడు. 2011ల 14ఎఫ్ తీసేసిండ్రు. తెలంగాణ ఉద్యమానికి నిప్పు అంటిచ్చింది ఒక పోలీసు నౌకరి ముచ్చట అని ఇప్పటి పిలగాండ్లకు చెప్తే నమ్మరు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు 95 శాతం స్థానికులకే అన్నది.

మన పిలగాండ్లే పోలీసైతే ఠాణా మంచిగైతదని మేము అప్పుడు నినాదం ఇచ్చినం. కొలువులు వచ్చినయి, సంతోషం. డిచ్‌పల్లి ఏడో బెటాలియన్ ముంగట నుంచి పోతే మనోళ్లే కనిపిస్తరు. గాని పేదోని ఇంట్ల పుట్టినోడు ఖాకీ ఏసుకున్నంక కూడ ఆర్డర్ పైనుంచే వస్తది. మనిషి మారితే చాలదు, జవాబు చెప్పే దిక్కు మారాలె.

పటేల్ పోయిండు, వీడీసీ వచ్చింది

1984 జనవరిల ఎన్టీఆర్ సర్కారు పటేల్, పట్వారీ పదవులు ఆర్డినెన్స్‌తోని రద్దు చేసింది. తెలంగాణ ఊర్లకు అది చిన్న పని గాదు. వంశం పేరు మీద నడిచే పోలీసు ఒక్క దెబ్బకు పోయింది.

కాని ఖాళీ అయిన గద్దె మీద ఎవరో ఒకరు కూసుంటరు. మన జిల్లాల కూసున్నది గ్రామాభివృద్ధి కమిటీ, మన నోట్ల వీడీసీ. దీనికి ఎలక్షన్ లేదు, చట్టం లేదు. బడి గోడ కట్టిన వీడీసీలు, చెరువు పూడిక తీసిన వీడీసీలు ఉన్నయి, కాదనను. గాని శాన ఊర్లల్ల ఇది బెల్టు షాపు వేలం ఏస్తది, ఇసుకకు రేటు కడ్తది, తగువు తెంపుతది, జుర్మానా ఏస్తది. మాట ఇనకపోతే కులం మొత్తాన్ని బంద్ పెడ్తది. దుకాణంల ఉప్పు ఇయ్యొద్దు, ఆటో ఎక్కనియ్యొద్దు, పనికి పిలువొద్దు, మాట్లాడితే మాట్లాడినోనికి కూడ జుర్మానా.

బంద్ పెట్టిన ఒక కుటుంబం ఎంట నేను ఠాణాకు పోయిన. ఏ ఊరో, ఏ ఠాణానో ఇక్కడ చెప్ప, ఆ కుటుంబం ఇంకా గా ఊర్లనే బతకాలె. దరఖాస్తు చదివినంక అక్కడి మాట ఒక్కటే: ముందు వీడీసీతోని మాట్లాడుకోండ్రి, ఊరి ముచ్చట ఊర్లనే తెంపుకోండ్రి. నూరేండ్ల కింద అమీన్ సాబ్ గదే అనేటోడు, పటేల్‌తోని రాపిచ్చుకుని రా అని.

ఆ కుటుంబానికి చట్టం లేక కాదు. ఎస్సీ, ఎస్టీల మీద సాంఘిక బహిష్కరణ పెడితే అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 2016 జనవరి 26 నుంచి సవరణతోని ఆ మాట స్పష్టంగ రాసి ఉన్నది. బీసీ కులాన్ని బంద్ పెడితేనే చిక్కు, ఏరే సెక్షన్లు ఎతుక్కోవాలె. బోధన్ నుంచి సాలూర దాటి మంజీర అవతల అడుగుపెడితే మహారాష్ట్ర. అక్కడ 2016ల అన్ని కులాలకు కలిపి సాంఘిక బహిష్కరణ నిషేధ చట్టం చేసిండ్రు. మూడేండ్ల దాంక జైలు, లక్ష దాంక జుర్మానా. అసొంటి చట్టం మనకూ కావాలె. వంతెన ఇవతల ఉన్నోని ఇజ్జత్ అవతలోని ఇజ్జత్ కంటే తక్కువది గాదు.

ఇప్పటి కమిషనరేట్

2016 అక్టోబర్‌ల కొత్త జిల్లాలతోని నిజామాబాద్ పోలీసు కమిషనరేట్ అయింది. కామారెడ్డి ఏరే జిల్లా అయ్యి ఎస్పీ కిందికి పోయింది. కమిషనరేట్ అంటే బోర్డు మారుడు గాదు. మీటింగులు, ర్యాలీలు ఆపే మేజిస్ట్రేట్ అధికారం పోలీసు పెద్ద చేతికే వస్తది. 2019 ఫిబ్రవరిల పసుపు, ఎర్రజొన్న రైతులు ధర కోసం రోడ్డెక్కితే ఆర్మూర్ దిక్కు 144 పెట్టిండ్రు. గా కోపంతోనే 178 మంది రైతులు నిజామాబాద్ ఎంపీ ఎలక్షన్ల నామినేషన్ ఏసి నిలబడ్డరు. 2015 డిసెంబర్‌ల షుగర్ ఫ్యాక్టరీకి తాళం పడ్డప్పటి సంది, మంత్రి వస్తుండంటే కార్మిక నాయకుల ఇండ్ల ముంగట పొద్దుగాలనే జీపు ఆగుడు మన కాడ కొత్త ముచ్చట గాదు. గస్తీ నిషాన్ 53 పేరు పోయింది, అలవాటు ఉన్నది.

2006ల సుప్రీంకోర్టు ప్రకాశ్ సింగ్ కేసుల చెప్పింది: పోలీసును రాజకీయ ఒత్తిడి నుంచి ఏరు చేయండ్రి, పోలీసు మీద ఫిర్యాదు ఇనేందుకు రాష్ట్రంల, జిల్లాల అథారిటీ పెట్టండ్రి. మన జిల్లాల గసొంటి ఆఫీసు ఏడున్నదో మీ ఊర్ల ఒక్కరిని అడిగి చూడండ్రి.

ఠాణాకు పోయేముందు

2024 జులై 1 నుంచి కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, నడుస్తున్నది. గివి ఫోన్ల దాచుకోండ్రి.

• ఏ ఠాణాలనైనా ఫిర్యాదు ఇయ్యొచ్చు. మా హద్దు కాదని తిప్పి పంపొద్దు. దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటరు. సెక్షన్ 173. ఎఫ్ఐఆర్ నకలు ఉత్తగనే ఇయ్యాలె.

• రాసుకోకపోతే కమిషనర్‌కో ఎస్పీకో దరఖాస్తు పోస్టుల పంపండ్రి, రశీదు దాచుకోండ్రి. అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేట్ కాడికి పోవచ్చు.

• అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలె, ఇంటోళ్లకు తెలియజేయాలె, ప్రయాణం టైం తీసేసి 24 గంటలల్ల మేజిస్ట్రేట్ ముందు పెట్టాలె. ఇది రాజ్యాంగం 22వ అధికరణం.

• ఆడోళ్లను పొద్దుగూకినంక, పొద్దు పొడవకముందు అరెస్టు చేయొద్దు. తప్పదంటే మహిళా అధికారి ఉండాలె, మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలె. సాక్షిగ ప్రశ్నలడగాల్నన్నా ఆడోళ్లను, 60 దాటినోళ్లను, 15 ఏండ్ల లోపు పిలగాండ్లను ఠాణాకు పిలువొద్దు, ఇంటికే రావాలె.

• ఠాణాలల్ల కెమెరాలుండాల్నని 2020ల సుప్రీంకోర్టు చెప్పింది. దెబ్బలు కొడితే ఆ రికార్డు దాచిపెట్టమని వెంటనే రాసియ్యండ్రి.

• వకీలుకు పైసలు లేకపోతే 15100కు ఫోన్ చేయండ్రి. న్యాయసేవా సంస్థ సాయం చేస్తది.

గ్రౌండ్ల ఉరికే తమ్ముండ్లకు, చెల్లెండ్లకు ఒక్క మాట. మీరు గెలిచి వస్తే పెద్దమనిషి లేకుండ ఒక్కతే వచ్చిన ఆడమనిషికి కుర్చీ ఏసి, మొదలు ఆమె దరఖాస్తు తీస్కోండ్రి. మిగిలినోళ్లు, ఈసారి ఠాణాకు పోవాల్సొస్తే పెద్దమనిషిని ఇంటికాడ ఇడిసిపెట్టి, దరఖాస్తు రెండు కాపీలు రాసుకపోండ్రి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర ఏపిచ్చుకుని రాండ్రి.